మేజోళ్ల కోడిపిల్లలు

ఆ రోజు టైలరమ్మ నోరు కాస్త అదుపులో పెట్టుకుని ఉంటే ఈ గొడవంతా జరిగేది కాదు. కానీ గుడ్డు పగలగొట్టుకుని బయటికొచ్చిన కోడిపిల్ల కాళ్లకు మేజోళ్లు తొడుక్కుని కనిపిస్తే ఎవరు మాత్రం ఊరుకుంటారు?

పొద్దున్నే నీళ్ల గిన్నె మారుద్దామని ఆమె గంప ఎత్తింది. పెట్ట రెక్కల కింది నుంచి చిన్న చిన్న తలలు ఒక్కోటీ బయటికి తొంగిచూస్తున్నాయి. ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుంది. అది కీచుకీచుమంటూ ఆమె వేళ్ల సందులోంచి ఒక కాలు కిందికి జారవిడిచింది. కోడిపిల్ల కాలంటే అగ్గిపుల్లలా నున్నగా ఉండాలి. దీని కాలు మీద పైనుంచి బయటి వేలి దాకా పలచటి నూగు ఉంది. ఎవరో పనిగట్టుకుని అంచు కుట్టినట్టుంది. దాన్ని దించి రెండోదాన్ని తీసింది. దానికీ అంతే. పెట్ట కోపంగా చెయ్యి పొడుస్తున్నా లెక్కచేయకుండా అన్నిటినీ తిరగేసి చూసింది.

"అత్తయ్యా, ఒక్కసారి ఇటు రండి. మన పిల్లలు మేజోళ్లేసుకుని పుట్టాయి!"

అత్తగారు చేతిలో చీపురుతోనే వచ్చింది. "రాత్రీ పగలూ ఆ సూదిలో దారం ఎక్కించి ఎక్కించి నీ కళ్లు పోయాయే," అంటూ వంగి చూసి, చీపురు కింద పడేసింది. "ఓసి దీని దుంపతెగ! ఇదెక్కడి విడ్డూరం?"

విడ్డూరం కంటపడితే దాని అంతు తేల్చందే టైలరమ్మకు ముద్ద దిగదు. ఏ చొక్కా అయినా కొత్త రకం కాలరుతో కనిపిస్తే, వేసుకున్న మనిషిని ఆపి మరీ లోపలి కుట్టు చూసే రకం. పైగా కోళ్ల సంగతి చెప్పగలిగిన మనిషి గోడ అవతలే ఉన్నాడాయె.

"బాబాయ్ గారూ! మీరొకసారి వచ్చి ఇవి ఏ జాతో చెప్పరూ?"

రెండు పెరళ్లకూ మధ్య గోడ మనిషి ఛాతీ ఎత్తుంటుంది. ఒకచోట ఇటుకలు ఊడి, మనిషి పక్కకు తిరిగితే పట్టేంత సందు ఏర్పడింది. అటువైపు వాచీల బాబాయ్ కాపురం. ముందుగది గడియారాల రిపేరు షాపు, పెరడంతా కోళ్లది. మామూలు కోళ్లు కావు. కాళ్ల నిండా ఈకలతో, దిండ్లలా బొద్దుగా ఉండే రకం. బ్రహ్మ జాతి అంటాడాయన. వీధి మాత్రం వాటిని మేజోళ్ల కోళ్లనే అంటుంది. రెండు పెట్టలు, ఒక పుంజు, పాత ఇస్త్రీపెట్టె భాగాలతో ఆయనే తయారుచేసిన బల్బు పెట్టె. అందులో గుడ్లు పెట్టి వేడి ఎక్కువా తక్కువా కాకుండా చూసుకుంటాడు. పెళ్లాం సహా ఎవరు ఆ పెట్టె దగ్గరికొచ్చినా ఆయన నోటి నుంచి వచ్చే మొదటి మాట, "చేతులు కడుక్కున్నావా?"

ఆయన వచ్చాడు. కంటిగూట్లో ఇరికించుకునే నల్లటి భూతద్దం నుదుటి మీదికి నెట్టి ఉంది. పిల్లను తీసుకుని వెల్లకిలా తిప్పాడు. కాలి మీద మెల్లగా ఊదాడు. భూతద్దం కంటికి దించాడు. వాచీ విప్పినప్పుడు ఆయన ఊపిరి కూడా ఆపేస్తాడని వీధిలో చెప్పుకుంటారు. ఇప్పుడూ అలాగే నిలబడ్డాడు. టైలరమ్మ ఆయన మొహంకేసే చూస్తోంది, ఏం చెబుతాడా అని పిల్లలా ఆత్రంగా.

"ఏ గుడ్లు పొదగేశావు?"

"మా పెట్టలవే, బాబాయ్ గారూ."

"మీకు పుంజు లేదుగా?"

"లేదు. కానీ మా పెట్టలు గోడెక్కి మీ పెరట్లోనే కదా పడుంటాయి. మీ దాణా తింటున్నాయని మీరే రోజూ తరిమేస్తుంటారు."

"దాణా తింటే ఇలాంటి పిల్లలు పుడతాయా?"

"దాణా మాట కాదు. మీ పుంజు..."

"మా పుంజు అలాంటిది కాదు," అన్నాడాయన, కొడుకుని వెనకేసుకొచ్చే తండ్రిలా. అత్తగారికి నవ్వాగలేదు. ఆ నవ్వు ఆయనకు సూదిలా గుచ్చుకుంది. పిల్లను గంపలోకి దించి నిలబడ్డాడు. మొహం మారిపోయింది.

"మూడు వారాల కిందట పక్క ఊరి గడియార స్తంభం రిపేరుకని నేను రెండ్రోజులు వెళ్లానా? వచ్చేసరికి ట్రేలో గుడ్లు తగ్గాయి. పొదగేయడానికని ఒక్కొక్కటీ దాచుకున్న గుడ్లు. మా ఆవిణ్ణి అడిగితే నాకేం తెలుసంది. ఇంట్లోకి పరాయివాళ్లెవరూ రారు. ఆ సందులోంచి వచ్చేది ఒక్క మనిషి."

టైలరమ్మకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవులు వేడెక్కాయి.

"నేను మీ గుడ్లు తీశానంటున్నారా?"

"నేననడం లేదు. దాని కాళ్లు అంటున్నాయి." ఆయన గొంతు మామూలుగానే పెద్దది; టిక్కుటిక్కుల మధ్య బతికే మనిషి, వినపడాలంటే అరవాలనుకుంటాడు. ఇప్పుడు కోపం కూడా తోడైంది. "నా పెట్టెలో పిల్లలు నిన్న దిగాయి. వాటి కాళ్లూ ఇవే, వీటి కాళ్లూ ఇవే. అచ్చు గుద్దినట్టున్నాయి. ఇప్పుడే తీసుకుపోతానని అనడం లేదు. తల్లి కింద ఉన్నవాటిని విడదీయకూడదు. ఆదివారం దాకా ఆగుదాం. ఈలోగా ఈకలు మొలుస్తాయి. అసలైన జాతికి నడివేలి మీద కూడా ఈక వస్తుంది. నాలుగు వీధుల వాళ్లనీ పిలిచి రెండు రకాలూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను. ఎవరి గుడ్లయితే వాళ్ల పిల్లలు!"

ఆ చివరి మాట వీధి మలుపులో పాల డిపో దాకా వినపడింది. అక్కడ క్యూలో ఉన్నవాళ్లు తలలు తిప్పారు.

*

కోడిపిల్లలు పోతే పోతాయి. మళ్లీ పొదగేసుకోవచ్చు. టైలరమ్మ భయం వాటి గురించి కాదు. టైలర్ల మీద లోకానికి ముందునుంచే ఒక అనుమానం ఉంది, గుడ్డ మిగిలితే దాచేస్తారని. ఆమె మాత్రం మిగిలిన ముక్కను, అది వేలెడంతైనా సరే, కుట్టిన బట్టతోపాటు మడిచి ఇచ్చేది. "ఇదెందుకమ్మా, నువ్వే ఉంచుకో," అని వాళ్లే వదిలేసేవాళ్లు. అలా వదిలేసిన ముక్కలతోనే ఆమె గోడకు వేలాడే సూదుల సంచీ, కుర్చీ మీది దిండూ తయారయ్యాయి. ఆ నమ్మకమే ఆమె షాపు. మిషను ఎవరికైనా ఉంటుంది.

మర్నాడు టీచరమ్మ వచ్చింది, కూతురి గౌను కోసం. అతికినట్టుందని మెచ్చుకుంది. సంచిలో పెట్టుకుంది. గుమ్మం దాటబోతూ ఆగి, ఎటో చూస్తూ అడిగింది.

"మిగిలిన ముక్కలేమైనా ఉంటే... ఇచ్చెయ్యి. బొమ్మకు గౌను కుడదామని."

ఇన్నేళ్లుగా ఇవ్వబోతే వద్దని వదిలేసిన మనిషి. టైలరమ్మ డబ్బాలోంచి ముక్కలు తీసి, దారాలు దులిపి, చుట్ట చుట్టి ఇచ్చింది. ఆవిడ వెళ్లాక మిషను ముందు కూర్చుంది కానీ కాలు పెడల్ మీద ఆడలేదు. ఏడుపొచ్చింది. కుడుతున్న యూనిఫాం తడవకుండా దూరంగా జరిపి ఏడ్చింది.

సాయంత్రం పాల డిపో ఆవిడ ఇంకా కత్తెర పడని కర్టెన్ గుడ్డ వెనక్కి పట్టుకుపోయింది. "తొందరేం లేదులే, తర్వాత కుట్టిస్తా," అంది. పసిపిల్లాడు కూడా నమ్మడు ఆ మాట.

"నోటికొచ్చినట్టు కూసి పోయాడు. ఆ గోడ సందులో తలపెట్టి కడిగిపారేస్తాను," అని అత్తగారు లేచింది.

"వద్దత్తయ్యా. మీరు కడిగితే కడిగినట్టే ఉంటుంది. దొంగ అనే మాట మాత్రం పోదు."

"మరి ఎలా పోతుంది?"

ఎలా పోతుందో ఆమెకూ తెలియదు. కానీ ఒకటి మాత్రం గమనించింది. ఎంత బాధగా ఉన్నా, పొద్దున లేవగానే కాళ్లు గంప దగ్గరికే తీసుకుపోతున్నాయి. ఎవరివో తేలాలి నిజమే. దానికన్నా ముందు, అసలు ఇవేమిటో చూడాలనిపిస్తోంది. రోజుకో మార్పు. ఒకదాని వీపు మీద నల్ల చార తోక దాకా సాగింది. ఇంకొకటి గోధుమ రంగులో పుట్టి బూడిద రంగులోకి తిరుగుతోంది. రెక్క అంచున సూదిమొనల్లాంటి ఈక మొలకలు వచ్చాయి. నూగులోంచి కాళ్ల మీద కూడా అసలు ఈకలు దిగుతున్నాయి. ఆమె గవ్వంత పాదాన్ని బొటనవేలి మీద పరుచుకుని, కిటికీ వెలుగులో పెట్టి చూసేది. బయటి వేలి మీద ఈకలు స్పష్టంగా ఉన్నాయి. నడివేలు మాత్రం నున్నగా, అగ్గిపుల్లలాగే ఉంది.

గోడ మీది నుంచి చూస్తే బాబాయ్ పుంజు కనిపించేది. దాని పాదాలు చీపురు కట్టల్లా ఉంటాయి. నడివేలు ఎక్కడుందో వెతుక్కోవాలి, అంత ఈక. అంటే తన పిల్లలు దాని పోలికే కానీ సగం పోలిక. మిగతా సగం మా పెట్టలదే అనుకుంది, కాస్త ధైర్యంగా. ఆదివారం నలుగురి ముందూ ఆ నడివేళ్లు చూపిస్తే చాలు.

కానీ ఒక మాట ఆమెను వదల్లేదు. ఆయన పెట్టెలోవి కూడా అచ్చు ఇలాగే ఉన్నాయన్నాడు. భూతద్దం పెట్టి చూసే మనిషి అచ్చు గుద్దినట్టు అన్నాడంటే ఉత్తినే అనడు. ఆయనవి అసలు జాతివైతే, తనవి సగం జాతివైతే, రెండూ ఒకేలా ఎలా ఉంటాయి?

*

శనివారం పిన్ని జాకెట్టు తయారైంది. బాబాయ్ భార్యను ఆమె పిన్ని అంటుంది. ఇదివరకైతే గోడ సందులోంచి వెళ్లి ఇచ్చేది. ఇప్పుడు వీధి చుట్టూ తిరిగి, ముందు తలుపు కొట్టి వెళ్లింది. బాబాయ్ షాపులో ఒక గోడగడియారాన్ని బోర్లా పడుకోబెట్టి దాని మీద వంగి ఉన్నాడు. తలెత్తలేదు. వెనక పెరట్లోకి చేత్తో చూపించాడు.

పిన్ని కుండీలకు నీళ్లు పోస్తోంది. టైలరమ్మను చూడగానే చెంబు గట్టు మీద పెట్టేసింది. పిన్ని సన్నటి మనిషి, నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. ఈ వారమంతా ఆవిడ గోడ దగ్గరికే రాలేదు.

"నడుం దగ్గర వదులు చేశాను, పిన్నీ. ఒకసారి వేసుకుని చూడు."

"సరిపోతుందిలే. నువ్వు కుట్టావంటే..." అని ఆ మాట పూర్తిచేయకుండా లోపలికెళ్లింది.

టైలరమ్మ నిలబడి గులాబీ కుండీకేసి చూసింది. చూడాలని చూడలేదు. కళ్లకు పని లేకపోతే అవే వెతుక్కుంటాయి. మట్టి మీద గుడ్డుపెంకులు నలిపి చల్లి ఉన్నాయి. కొన్ని వంటింటివి, కొన్ని బల్బు పెట్టెలోంచి పిల్లలు దిగాక ఏరేసినవి. లోపలి పొర మీద ఎండిన రక్తపు దారాలు చూస్తే ఏవి పిల్లలవో తెలుస్తోంది. అన్నీ ఇటుక రంగే. మేజోళ్ల కోళ్లు ఆ రంగు గుడ్లే పెడతాయి. తన పెట్టలవి తెల్లగా ఉంటాయి. మరి ఒక పెంకు పక్కన మట్టి మీద గోధుమ రంగు నీళ్ల చార ఎందుకుంది?

వంగింది. పెంకు తీసింది. సగం ఇటుక రంగు. నీళ్లు పడిన సగం పాలిపోయి, మచ్చలు మచ్చలుగా ఉంది.

కొత్త గుడ్డ వస్తే టైలరమ్మ ముందు చేసే పని ఒకటే. బొటనవేలు తడి చేసి మూల మీద గట్టిగా రుద్దుతుంది. వేలికి రంగంటితే అది ఉతుకుతో పోయే సరుకు. వేలు నాలుక మీద పెట్టి పెంకు మీద రుద్దింది. వేలు గోధుమ రంగయింది. పెంకు తెల్లబడింది. పక్కనున్న వంటింటి పెంకు తీసి దాన్నీ రుద్దింది. ఎంత రుద్దినా అది ఇటుక రంగే. వేలు వాసన చూసింది. టీ.

పిన్ని గుమ్మంలోకి వచ్చి ఆగిపోయింది. జాకెట్టు చేతుల్లో వేలాడుతోంది. ఆవిడ చూపు టైలరమ్మ మొహం మీద లేదు, బొటనవేలి మీద ఉంది.

"ఆ రోజు చుట్టాలొచ్చారని గుడ్లడిగావు, పిన్నీ," అంది టైలరమ్మ నెమ్మదిగా. "ఉన్నవాటిలో చాలావరకు ఇచ్చి, మిగిలినవే మా పెట్ట కింద పెట్టాను. చుట్టాలెవరూ రాలేదా?"

పిన్ని వచ్చి గట్టు మీద కూలబడింది. షాపువైపు చూసి గొంతు తగ్గించింది. "బల్ల కింద ఊడుద్దామని ట్రే జరిపాను. చేతిలోంచి జారింది. ఒక్కటంటే ఒక్కటీ మిగల్లేదు. ఆయనొచ్చేలోపు ఏదోటి చెయ్యాలి. నువ్విచ్చినవి తెల్లగా ఉన్నాయి. ఏం చెయ్యను? టీ డికాక్షన్ కాచి..."

"నన్ను దొంగన్నాడు పిన్నీ. నీకు వినపడలేదా?"

"వినపడింది."

"వినపడి?"

పిన్ని జాకెట్టు మడత మీద మడత పెడుతోంది. "నీకు తెలియదు. వెనకటికి ఒకసారి ఎవరిదో గడియారం అద్దం నా చెయ్యి తగిలి పగిలింది. తిట్టలేదు. అరవలేదు. నాతో మాట్లాడ్డం మానేశాడు. ఎండాకాలంలో మానేసిన మనిషి వానలు వెలిశాక మాట్లాడాడు. అన్నం పెడితే తినేవాడు. నేనక్కడ లేనట్టే ఉండేవాడు. ఈ పిల్లల కోసం రోజూ పొద్దున్నే భూతద్దం పెట్టుకుని చూస్తాడు. నడివేలికి ఇంకా రాలేదు, రేపొస్తుంది, ఎల్లుండొస్తుంది అంటాడు. చెప్పకమ్మా. నీకు పుణ్యముంటుంది."

టైలరమ్మకు ఒళ్లు మండింది. జాలీ వేసింది. రెండూ ఒకేసారి వచ్చేసరికి ఏది ముందు బయటికి పంపాలో తెలియలేదు.

"నా దగ్గరికి గుడ్డ రావడం ఆగిపోయింది, పిన్నీ," అని మాత్రం అంది. తెల్లబడిన పెంకును గుప్పిట్లో పెట్టుకుని వచ్చేసింది. ఇంటికొచ్చి దాన్ని సుద్దముక్కల డబ్బాలో పడేసి మూత బిగించింది. అత్తగారికి చెప్పలేదు. అత్తగారికి చెబితే ఆదివారం దాకా ఆగాల్సిన పని ఉండదు.

*

ఆదివారం పొద్దున్న బాబాయ్ తన పనిబల్లను ఎత్తించి వీధిలో వేయించాడు. దాని మీద తెల్లగుడ్డ పరిచాడు. ఒకవైపు ఆయన పిల్లల పెట్టె, ఇంకోవైపు టైలరమ్మ గంప. గంపలోంచి పెట్ట ఊరుకోకుండా తిడుతూనే ఉంది. పాల డిపో ఆవిడ, టీచరమ్మ, దారినపోయే మరికొందరు చుట్టూ చేరారు. టీచరమ్మ చేతిలో సంచి ఉంది. టైలరమ్మ మెడలో టేపుతోనే వచ్చింది. చేతిలో సుద్దముక్కల డబ్బా. పిన్ని తమ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"చేతులు కడుక్కోనివాళ్లు ముట్టుకోవద్దు," అని బాబాయ్ అందరినీ హెచ్చరించాడు. తర్వాత తన పిల్లను ఒకటి, గంపలోంచి ఒకటి తీసి పక్కపక్కన నిలబెట్టాడు. రెండూ ఒకదాన్నొకటి చూసుకుని, ఒకే గిన్నెలో ముక్కులు పెట్టాయి.

"చూడండి. వీపు మీద చార. అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. కాలి ఈక. బయటి వేలు. ఒకే తల్లి గుడ్లని గుడ్డివాడైనా చెబుతాడు. ఏమంటావమ్మాయ్?"

"ఒకే తల్లివే, బాబాయ్ గారూ," అంది టైలరమ్మ.

గుంపులో గుసగుస లేచింది. అత్తగారు కోడలి మోచెయ్యి గిల్లింది, మతిపోయిందా అన్నట్టు.

"ఒప్పుకుంది!" అన్నాడు బాబాయ్, ఆయనకే ఆశ్చర్యంగా.

"నాకొకటి తెలియక అడుగుతాను. అసలు జాతికి నడివేలికి ఈకలొస్తాయన్నారు కదా. నా పిల్లలకు రాలేదు. ఎందుకు రాలేదో ఐదారు రోజులుగా చూస్తూనే ఉన్నాను. మీవాటికి వచ్చాయా?"

ఆమె ఎత్తిపొడుపుగా అడగలేదు. నిజంగానే, ఆయన ఏం చెబుతాడో వినాలని అడిగింది. ఆయన భూతద్దం కంటికి బిగించాడు. తన పెట్టెలోంచి ఒక్కో పిల్లనూ తీసి, వేళ్లు విడదీసి చూశాడు. వీధంతా మెడలు చాచి చూసింది. గంపలో పెట్ట కూడా తిట్టడం మానేసింది. ఆఖరి పిల్లను కూడా దించాడు. అద్దం తీశాడు. కంటి చుట్టూ ఎర్రటి గుండ్రటి గీత పడి ఉంది.

అబద్ధం ఆడొచ్చు. ఆయనొక్కడికే భూతద్దం ఉంది. కానీ ముల్లు తప్పు చూపిస్తుంటే సరిగ్గా ఉందనడం ఆయన జన్మలో చేతకాని పని.

"లేవు," అన్నాడు. "ఒక్కదానికీ లేదు. ఇవి సగం జాతి." ఇంకాస్త ఆగి, "అయితే నా పెట్టలే కల్తీవి. నాకమ్మినవాడు మోసం చేశాడు. రేపే ఆ రెండింటినీ వదిలించుకుంటాను. టీచరమ్మగారూ, మీ ఇంట్లో వండుకునేవాళ్లుంటే చెప్పండి."

డబ్బా మూత మీద టైలరమ్మ బొటనవేలు ఉంది. తెరిస్తే చాలు. పెంకు బయట పడుతుంది, తన పేరు తిరిగొస్తుంది. గుమ్మం వైపు చూసింది. పిన్ని అక్కడ లేదు. గుంపును తోసుకుంటూ బల్ల దగ్గరికి వస్తోంది.

"కోళ్లనేమీ అనకండి," అంది పిన్ని. ఆవిడ గొంతు వీధిలో ఎప్పుడూ ఎవరూ విన్నది కాదు. "వాటి గుడ్లు నేల పాలయ్యాయి. నేనే పడేశాను. మీరు పక్క ఊళ్లో ఉన్నప్పుడు. ఆ అమ్మాయిని అడిగి వాళ్ల గుడ్లు తెచ్చి మీ ట్రేలో పెట్టాను. తక్కువ పడ్డాయి. మీరు లెక్కకు తగ్గాయన్నది అందుకే. రంగు తెలియకుండా టీ పూశాను. ఆ అమ్మాయి మీది ఏమీ తీయలేదు. మన పెట్టెలో దిగినవే వాళ్లవి."

బాబాయ్ స్టూలు మీద కూర్చున్నాడు. చాలాసేపు తన పిల్లలకేసి చూశాడు. టైలరమ్మ మనసులో, అయిపోయింది, ఇక వానలు వెలిసేదాకా మాట్లాడడు అనుకుంది. పిన్ని కూడా అదే అనుకుంటున్నట్టు మొహం దించుకుంది.

"ఎన్నిసార్లు పూశావు?" అన్నాడాయన.

పిన్ని తలెత్తింది. "మూడు. మొదటిసారి రంగు పట్టలేదు."

"ఎండలో ఆరబెట్టావా?"

"నీడలోనే. ఎండ తగిలితే లోపల చచ్చిపోతాయని మీరే అంటారుగా."

ఆయన తలూపాడు. ఎవరో చేసిన రిపేరు విప్పి చూస్తున్నప్పుడు, పనితనం కనిపిస్తే ఇలాగే తలూపుతాడు. "నా కళ్లకే కనపడలేదంటే..." అని గొణిగాడు. తర్వాత, "నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా."

"చెబితే?"

ఆయన భూతద్దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పాడు.

అత్తగారు మాత్రం వదల్లేదు. "తమ్ముడూ, ఆలూ మగల సంగతి ఇంట్లో తేల్చుకోండి. మా పిల్లను అన్నప్పుడు పాల డిపో దాకా వినపడింది. ఇప్పుడేమిటి, గొంతు పూడుకుపోయిందా?"

బాబాయ్ లేచాడు. చెవులు ఎర్రబడ్డాయి. డిపో వైపు తిరిగి, గొంతెత్తి అరిచాడు. "టైలరమ్మ నా గుడ్లు తీయలేదు! తప్పు నాది! నోరు జారాను!" ఒక కిటికీ తెరుచుకుంది. ఆయన ఇటు తిరిగి మామూలు గొంతుతో, "క్షమించమ్మాయ్," అన్నాడు. ఆ రెండోది చెప్పడమే ఆయనకు ఎక్కువ కష్టమైంది.

టీచరమ్మ సంచిలోంచి గుడ్డముక్కల చుట్ట తీసి టైలరమ్మ ముందు పట్టింది. "ఇవి నాకెందుకులే. నీ దగ్గరే ఉంచుకో."

"మీ గుడ్డే కదా. మీరే ఉంచుకోండి," అంది టైలరమ్మ నవ్వకుండా. ఆవిడ చుట్టను మళ్లీ సంచిలో పెట్టుకుంది. పాల డిపో ఆవిడ కర్టెన్ గుడ్డ రేపు పంపిస్తానంది. టైలరమ్మ సరేనంది కానీ, తొందరేం లేదులెండి అని కూడా అంది.

జనం పలచబడ్డారు. బాబాయ్ తన పిల్లల పెట్టెను రెండు చేతులా ఎత్తి టైలరమ్మ ముందుకు తెచ్చాడు. "ఎవరి గుడ్లయితే వాళ్ల పిల్లలు. నేనే అన్నాను. తీసుకో."

పెట్టెలో పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి కీచుమంటున్నాయి. ఒకటి తల ఎత్తి ఆమెకేసి చూసింది. తీసుకోవాలని ఆశ పుట్టలేదని ఎలా చెప్పడం? చేతులు కాస్త ముందుకు కూడా వచ్చాయి. అంతలో పిన్ని కనిపించింది, పెట్టెకేసి చూస్తూ, ఈ వారమంతా వాటికి నీళ్లు పెట్టిన మనిషి.

"ఆ గుడ్లు నేను దాచిపెట్టుకున్నవి కాదు బాబాయ్ గారూ. పిన్ని అడిగితే పిన్నికిచ్చాను. ఇచ్చేసినవి నావెలా అవుతాయి? అవి పిన్నివి."

బాబాయ్ పెట్టె పట్టుకుని రెండు ఇళ్ల మధ్యా నిలబడిపోయాడు. తర్వాత నెమ్మదిగా తిరిగి, పెట్టెను భార్య చేతుల్లో పెట్టాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆ పెరట్లో ఇది నాదని పిన్ని చెప్పుకున్న వస్తువు ఒక్కటి లేదు. ఆవిడ పెట్టెను పొట్టకు ఆనించి పట్టుకుంది. నవ్వొచ్చింది. రెండు చేతులూ పెట్టె కిందే ఉండడంతో నోటికి అడ్డం పెట్టుకోవడానికి వీల్లేకపోయింది.

టైలరమ్మ డబ్బా తెరిచి తెల్లబడిన పెంకును నలిపి కింద పడేసింది. గంపలోని పెట్ట ముందు వంగి కూర్చుంది. ఇక ఎవరివో తేలిపోయాయి. పెద్దయ్యాక ఏ రంగు తిరుగుతాయో, ఎలాంటి గుడ్లు పెడతాయో మాత్రం ఇంకా ఎవరికీ తెలియదు. తెల్లవా, ఇటుక రంగువా, మధ్యరకమా? ఇంకెన్ని నెలలు ఆగాలో అని అప్పుడే ఆమెకు తొందరపుట్టింది.

బాబాయ్‌కీ అదే పుట్టినట్టుంది. ఇంట్లోకి వెళ్లబోతున్న పిన్ని పక్కకు చేరి, భూతద్దం కంటికి బిగించుకుని, పెట్టెలోకి వంగాడు.

"ఆ నల్లచారదాన్ని ఒకసారి ఇలా ఇవ్వు. రెక్కల దగ్గర ఏదో కొత్త రంగు..." అంటూ చెయ్యి చాపాడు.

పిన్ని పెట్టెను కాస్త వెనక్కి లాక్కుంది.

"చేతులు కడుక్కుని రండి."

వాచీల బాబాయ్ భూతద్దం నుదుటి మీదికి నెట్టుకున్నాడు. తర్వాత చేతులు రెండూ ముందుకు పెట్టుకుని కుళాయి దగ్గరికి నడిచాడు.